మంచులో పచ్చగా ఉండే దేవదారు, చలి లేకున్నా ఆకు రాల్చే నల్లమల

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నను క్లుప్తంగా రాస్తాను, తర్వాత వచ్చి చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది. కల్వకుర్తి దగ్గర నీకు రెండెకరాల ఎర్ర చెలక, ఒక బోరు ఉన్నాయి. జనవరిలో మనాలి పోయి వచ్చావు. అక్కడ మంచు కప్పుకున్న కొండ మీద దేవదారు చెట్లు పచ్చగా ఉన్నాయి. ఇక్కడ మన్ననూరు దాటి అడవిలోకి పోతే మార్చికల్లా నల్లమల మోడువారి కనిపిస్తుంది. గడ్డకట్టే చోట ఆకు నిలవడం ఏంది, చలే లేని చోట రాలడం ఏంది అని అడిగావు. భూమి వేడెక్కుతుంటే ఈ పచ్చని చెట్ల చోట్లు మారతాయా అన్నది రెండో ప్రశ్న. నీ చెలకలో దేవదారు, పైన్ పెడితే బతుకుతాయా, లేకపోతే ఏడాదంతా పచ్చగా ఉండేది ఏం పెట్టాలి అన్నది మూడోది.

నేను అటవీశాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం అమ్రాబాద్ వైపే ఉన్నాను. నాకు తెలిసినంతలో జవాబు ఇది. ఏ చెట్టయినా ఏడాదిలో తనకు అన్నిటికన్నా గడ్డు కాలం ఏదో, దాన్ని దాటగలిగిన చోటే నిలుస్తుంది. సగటు ఉష్ణోగ్రత, సగటు వాన చూసి చెట్టు బతకదు. ఉత్తరాన ఆ గడ్డు కాలం జనవరి రాత్రి. మనకు ఏప్రిల్, మే నెలల పగలు. అందుకే భూమి వేడెక్కడం అక్కడి చెట్లకు ఒక రకంగా, మన చెట్లకు ఇంకో రకంగా తగులుతుంది. ఇక వివరంగా చెప్తాను.

చలికి చెట్టు చచ్చిందంటే చాలాసార్లు దానిలోని నీరు గడ్డకట్టి చచ్చిందని అర్థం. కణం లోపల మంచు ఏర్పడితే పొరలు చిరిగిపోతాయి, ఆ కణం ఇక బతకదు. దేవదారు, స్ప్రూస్, పైన్ లాంటి సూది ఆకు చెట్లు దీనికి ముందుగానే సిద్ధమవుతాయి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో పగటి పొద్దు తగ్గి రాత్రులు చల్లబడుతుంటే పెరుగుదల ఆపేస్తాయి, కణాల్లో చక్కెరలు పోగుచేసుకుంటాయి. అసలు చలి వచ్చేసరికి కణంలోని నీరు మెల్లగా బయటికి వచ్చి కణాల మధ్య ఖాళీల్లో గడ్డకడుతుంది. లోపల మిగిలిన చిక్కటి ద్రవం అంత తేలిగ్గా గడ్డకట్టదు. ఈ తయారీ పూర్తయిన ఉత్తర దేశపు స్ప్రూస్ జనవరిలో మైనస్ 40 డిగ్రీలను కూడా తట్టుకుంటుంది. అదే చెట్టుకు ఎండకాలం మధ్యలో మైనస్ 10 తగిలితే లేత సూదులు మాడిపోతాయి. కాబట్టి ఎంత చలి అన్నదానితో పాటు అది ఎప్పుడు వచ్చింది అన్నది కూడా చూడాలి. వాతావరణ మార్పు గురించి మాట్లాడేటప్పుడు చాలామంది వదిలేసేది ఈ రెండో సంగతే.

ఇంకో సంగతి కాండంలోని నీటి గొట్టాలు. వేరు నుంచి ఆకుదాకా నీరు తెగని తీగలాగా సాగి ఉండాలి. ఆ నీరు గడ్డకడితే అందులో కరిగి ఉన్న గాలి బుడగలుగా బయటపడుతుంది. మళ్లీ కరిగాక ఆ బుడగలు అలాగే ఉండిపోతే నీటి ధార తెగిపోతుంది. వెడల్పాటి ఆకు చెట్లలో గొట్టాలు లావుగా ఉంటాయి, బుడగలూ పెద్దవే, నష్టమూ ఎక్కువే. సూది ఆకు చెట్ల గొట్టాలు చాలా సన్నం. వాటిలో ఏర్పడే చిన్న బుడగలు మంచు కరిగాక మళ్లీ నీటిలో కలిసిపోతాయి. దానికి తోడు ఆకు సన్నగా, మైనపు పూతతో ఉంటుంది కాబట్టి నేల గడ్డకట్టి వేరు నీరు తీసుకోలేని రోజుల్లో కూడా తేమ ఎక్కువ పోదు. నువ్వు చూసిన దేవదారు జనవరిలో పచ్చగా ఉందే గానీ చురుగ్గా ఏమీ లేదు. తన మీద పడే ఎండను ఆహారంగా మార్చలేక, ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా బయటికి వదిలేస్తూ కాలం గడుపుతుంది.

చలి ఏ చెట్టును ఎక్కడ ఆపుతుందో ఇయాన్ వుడ్‌వర్డ్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1987లో కొన్ని గీతలుగా చూపించాడు. ఇప్పటికీ మాలాంటి వాళ్లం వాడుకునేవి అవే. ఉష్ణమండలపు చెట్లకు నీరు గడ్డకట్టాల్సిన పని కూడా లేదు, సున్నాకు పైన కొన్ని డిగ్రీల చలికే కణపు పొరలు దెబ్బతింటాయి. ఉత్తరప్రదేశ్ రైతులు చలికాలంలో లేత మామిడి మొక్కల మీద గడ్డితో చిన్న గుడిసెలు కట్టేది అందుకే. తర్వాతి గీత సుమారు మైనస్ 15. వెడల్పాటి ఆకుతో ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు, అంటే యూరప్‌లో హాలీ, హిమాలయాల్లో బాంజ్ ఓక్ లాంటివి, చాలావరకు ఈ గీతకు ఇవతలే ఉంటాయి. ఆ తర్వాత ఆకు రాల్చే ఓక్, మేపుల్ చెట్లు వస్తాయి. అవి కాండంలోని కొంత నీటిని గడ్డకట్టనీయకుండా ద్రవంగానే ఉంచుకోగలవు, ఆ సామర్థ్యం మైనస్ 40 దగ్గర అయిపోతుంది. దానికీ అవతల మిగిలేవి స్ప్రూస్, ఫర్, లార్చ్ లాంటివి, వాటితో పాటు బిర్చ్ లాంటి కొన్ని గట్టి ఆకురాల్చే చెట్లు.

సైబీరియాలో వెర్ఖోయాన్స్క్ అనే ఊరు ఉంది. 1892లో అక్కడ మైనస్ 67 దాటింది. అదే ఊళ్లో 2020 జూన్ 20న 38 డిగ్రీల వేడి నమోదైంది. వంద డిగ్రీలకు పైగా తేడా ఉన్న ఆ నేల మీద అడవి ఉంది. అది లార్చ్ అడవి. సూది ఆకు చెట్టే గానీ చలికాలం ముందు ఆకంతా రాల్చేస్తుంది. అంటే చలి మరీ ముదిరితే, నేల అడుగున ఏడాదంతా మంచుగడ్డే ఉంటే, సూది ఆకును కూడా నిలుపుకోవడం గిట్టుబాటు కాదు. ఆకు అనేది పెట్టుబడి. దాన్ని తయారు చేయడానికి పట్టిన ఖర్చు రాబట్టుకోవాలి, గడ్డు కాలంలో కాపాడుకునే ఖర్చు దానికన్నా తక్కువ ఉండాలి. భూమధ్యరేఖ దగ్గర గడ్డు కాలమే లేదు కాబట్టి ఆకు నిలుస్తుంది. ఉత్తరాన పెరిగే కాలం మూడు నాలుగు నెలలే కాబట్టి ఏటా కొత్త ఆకు వేసుకునే తీరిక లేక, స్ప్రూస్ ఒకే సూదిని ఎన్నో ఏళ్లు వాడుకుంటుంది. ఈ రెండు కొసల మధ్య నేలల్లో ఆకు రాల్చడమే లాభం.

మనాలి పైన రోహ్తంగ్ వైపు పోతుంటే ఒక ఎత్తు తర్వాత చెట్లే ఆగిపోయి గడ్డి మొదలవడం చూసి ఉంటావు. దాన్ని చలికాలం ఆపిందనుకుంటారు చాలామంది. అక్కడి చెట్లు చలికి తట్టుకోగలవు, వాటిని ఆపేది ఎండకాలంలో చాలని వేడి. ప్రపంచంలో ఏ కొండ మీద చూసినా చెట్ల చివరి గీత దగ్గర పెరిగే కాలపు సగటు ఉష్ణోగ్రత 6 డిగ్రీల చుట్టూనే ఉంటుంది. అంతకన్నా చల్లగా ఉంటే కొత్త కణాలు, కొత్త కలప తయారు కావు. ఇది గుర్తుంచుకో, వేడెక్కడం గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరిలో. పాలమూరు, నల్లగొండల్లో మామూలు చలికాలపు రాత్రి 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ చలి టేకునూ ఏమీ చేయదు, నల్లమద్దినీ ఏమీ చేయదు. మన అడవిని మోడు చేసేది నీటి కరువు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబర్ నెలల మధ్యే. నవంబర్ తర్వాత ఆరు నెలలకు పైగా నేలకు చెప్పుకోదగ్గ నీరు అందదు. ఆ చివర్లో 43, 44 డిగ్రీల ఎండ, వడగాలి. పలుచని వెడల్పాటి ఆకు ఆ గాలికి నీటిని ఎంత వేగంగా వదులుతుందంటే, ఎండిన నేలలో నుంచి వేరు అంత తోడివ్వలేదు. పీల్చే బలం ఎక్కువై గొట్టాల్లో నీటి ధార తెగిపోతుంది. అక్కడ మంచు చేసిన పనే ఇక్కడ ఎండ చేస్తుంది, గొట్టంలో గాలి చేరడం రెండు చోట్లా ఒకటే. ఆకు వదిలేసిన చెట్టు ఆ ప్రమాదం నుంచి తప్పుకుంటుంది.

తప్పుకున్నాక జరిగేది కూడా గమనించదగ్గదే. ఆకు రాల్చిన కొన్ని వారాలకు కాండం మళ్లీ నీటిని నింపుకుంటుంది. వాన చుక్క పడకముందే, నడి ఎండలో, చాలా చెట్లు చిగురిస్తాయి. మోదుగ పూసేది, వేప ఉగాదికి పూతకు వచ్చేది, చింత చిగురు సంతకు వచ్చేది అంతా ఎండకాలంలోనే కదా. లోతు వేళ్లు, కాండంలో దాచుకున్న నీరు దీనికి ఆధారం. మోడు చూసి అడవి చచ్చిపోయిందని బాధపడేవాళ్లు నాకు ఏటా కనిపించేవాళ్లు. ఆ అడవి ఆరోగ్యంగానే ఉంది. తగలబెట్టకుండా ఉంటే చాలు.

ఇదే నల్లమలలో వాగు వెంబడి నడిస్తే సంగతి స్పష్టమవుతుంది. గుట్ట మీద చిరుమాను, ఏగిస, తునికి మోడుగా ఉంటాయి. కింద వాగు ఒడ్డున నేరేడు, ఏరుమద్ది, మామిడి పచ్చగా ఉంటాయి. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరంలో ఆ నీడ, ఆ చల్లదనం కొండ సందులో ఊరే నీటి వల్లనే. రెండు చోట్లకూ చలి ఒకటే, ఎండ ఇంచుమించు ఒకటే, తేడా వేరుకు అందే నీరు. ఇంకా దూరం పోతే శ్రీహరికోట ఉంది. అక్కడ పాల, నేరేడు, అల్లి చెట్లతో ఏడాదంతా పచ్చగా ఉండే పొడి అడవి ఉంది. సముద్రపు తేమ గాలి ఒక కారణం, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే ఈశాన్య రుతుపవనాల వాన ఇంకో కారణం. వాన ఆలస్యంగా ముగుస్తుంది కాబట్టి అక్కడి చెట్టు దాటాల్సిన పొడి కాలం చిన్నది.

ఇప్పుడు రెండో ప్రశ్న. 1901 నుంచి 2018 మధ్య మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ఉత్తర ధ్రువ ప్రాంతం 1979 నుంచి ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతోంది. చలి రాత్రే హద్దుగా ఉన్న చెట్లకు ఆ హద్దు జరుగుతోంది. యూరప్‌లో హాలీ చెట్టుకు మంచి రుజువు ఉంది. యోహానెస్ ఇవర్సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త 1944లోనే, జనవరి సగటు సుమారు సున్నా డిగ్రీలుండే గీత దాటి హాలీ ఉత్తరానికి పోదని చూపించాడు. తర్వాత ఆ గీత జరిగింది, హాలీ కూడా దక్షిణ స్వీడన్ వైపు జరిగింది. స్విట్జర్లాండ్ దక్షిణాన తోటల్లో అందానికి పెంచిన ఒక రకం తాటిజాతి చెట్టు ఇప్పుడు అడవుల్లో తనంతట తానే మొలుస్తోంది. అమెరికాలోని ఫ్లోరిడాలో మడ చెట్లు మైనస్ 4 డిగ్రీల చలి వస్తే చచ్చిపోయేవి. అలాంటి రాత్రులు తగ్గాక వాటి ఉత్తరపు అంచున మడ అడవి విస్తీర్ణం 1984 నుంచి 2011 మధ్య రెట్టింపయింది.

ఇది విని చలి తగ్గితే పచ్చని చెట్లకు మంచిదే కదా అనిపిస్తుంది. కానీ చలి చెట్టును ఆపినట్టే చెట్టు శత్రువునూ ఆపుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో లాడ్జ్‌పోల్ పైన్ అనే చెట్టు ఉంది. దాని బెరడు కింద బతికే ఒక చిన్న పెంకు పురుగు ఎప్పటి నుంచో అక్కడే ఉంది. చలికాలంలో మైనస్ 40 దాకా దిగితే దాని పిల్లపురుగులు చచ్చేవి, ఆ పురుగు అదుపులో ఉండేది. అలాంటి చలి రావడం తగ్గింది. 1990ల చివర మొదలైన ఉధృతి ఆ ఒక్క రాష్ట్రంలోనే సుమారు 1.8 కోట్ల హెక్టార్లను తాకింది. మన తెలంగాణ మొత్తం విస్తీర్ణం 1.12 కోట్ల హెక్టార్లు. దశాబ్దాల పాటు మంటలను ఆర్పేస్తూ రావడం వల్ల ఒకే వయసు ముదురు చెట్లు విపరీతంగా పోగుపడటం కూడా ఆ నష్టానికి కారణమే. కానీ చలి తన పని తాను చేసి ఉంటే అంత దూరం పోయేది కాదు. ఆ పురుగు రాకీ పర్వతాలు దాటి పక్క రాష్ట్రం అల్బెర్టాలోకి కూడా వచ్చేసింది.

అలాస్కా ఆగ్నేయ తీరంలో ఎల్లో సీడార్ చెట్లకు జరిగింది ఇంకా విచిత్రం. వేడెక్కడం వల్ల అవి చలికి చచ్చాయి. ఆ చెట్టు వేళ్లు చాలా పైపైన ఉంటాయి, వసంతానికి ముందే చలిని తట్టుకునే తయారీని వదిలేస్తాయి. పూర్వం అప్పటికి నేల మీద మందంగా మంచు ఉండేది. మంచు వేళ్లకు గొంగడి లాంటిది, దాని కింద నేల సున్నాకు పెద్దగా దిగదు. శీతాకాలం వేడెక్కి మంచుకు బదులు వాన పడటం మొదలైంది. నేల మీద కప్పు లేకుండా పోయింది. ఆ తర్వాత ఒక్క చలి తెర వచ్చినా వేళ్లు గడ్డకట్టి, లక్షల ఎకరాల్లో చెట్లు నిలువునా ఎండిపోయాయి. సగటు పెరిగిందా తగ్గిందా అని మాత్రమే చూసేవాడికి ఈ చావు అర్థం కాదు.

నువ్వు చూసిన హిమాలయంలో మార్పు కళ్లకు కనిపిస్తుంది. కులూ లోయ అడుగున ఆపిల్‌కు కావలసిన చలి గంటలు సరిపోక రైతులు దానిమ్మకు మారుతున్నారు, ఆపిల్ పైకి, లాహౌల్, కిన్నౌర్ వైపు పోతోంది. ఉత్తరాఖండ్‌లో బాంజ్ ఓక్ ఉండాల్సిన ఎత్తులోకి చీర్ పైన్ ఎక్కుతోంది, అయితే అందులో అడవి మంటలు, పశువుల మేత కోసం ఓక్ కొమ్మలు నరకడం పాత్ర పెద్దది. ఎండకాలపు వేడి చాలే చోటు పైకి జరుగుతోంది కాబట్టి దేవదారు మెల్లగా పైకి పోగలదు. కానీ గింజ పడి, మొలిచి, మేకలకు చిక్కకుండా, మట్టి లేని రాయి మీద వేళ్లూని చెట్టవడానికి దశాబ్దాలు పడుతుంది. వేడి అంతకన్నా ముందే ఎక్కుతోంది. శిఖరానికి దగ్గర్లో ఉన్న జాతులకు అయితే పైన పోవడానికి చోటే లేదు.

మన దగ్గర చలి హద్దు ముందే లేదు కాబట్టి అది జరిగినందువల్ల మనకు కలిసొచ్చేది ఏమీ లేదు. వేడి పెరిగితే మనకు పెరిగేది గాలి దాహం. ఒక్కో డిగ్రీకి గాలి పట్టగలిగే తేమ 6, 7 శాతం పెరుగుతుంది. మే నెలలో గాలిలోకి అదనంగా తేమ వచ్చే దారి లేదు కాబట్టి ఆ లోటును ఆకుల నుంచి, నేల నుంచి, చెరువు నుంచి లాగుతుంది. వాన అంతే పడినా చెట్టుకు కరువు పెరిగినట్టే. అందుకే నల్లమల వాగుల వెంట ఉన్న పచ్చని పట్టీల గురించి నాకు దిగులు. వాగులో ఊట ముందే ఆగిపోతే, పక్క గుట్ట మీది రాలిన ఆకులకు అంటుకున్న మంట ఆ పట్టీలోకి కూడా దిగితే, నేరేడు పోయి అక్కడ కూడా ఆకు రాల్చే చెట్టో, ముళ్ల పొదో వస్తుంది.

చలి మనకు అక్కరలేదా అంటే, ఉంది. కొల్లాపూర్ మామిడి రైతును అడుగు. మామిడి ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు. ముదిరిన కొమ్మ చివర మొగ్గ పూత అవ్వాలా చిగురు అవ్వాలా అన్నది చాలావరకు చలికాలపు రాత్రులు తేలుస్తాయి. కొన్ని వారాలు రాత్రి 15 డిగ్రీల దగ్గరకు దిగి, నేల పొడిగా ఉంటే పూత ఒక్కసారిగా వస్తుంది. డిసెంబర్‌లో మబ్బు పట్టి, వాన పడి, రాత్రులు వెచ్చగా ఉంటే కొమ్మ చిగురేస్తుంది, పూత విడతలుగా వస్తుంది, తేనెమంచు పురుగు, బూడిద తెగులు తోడవుతాయి. పెరుగుదలను అణిచే కల్టార్ అనే మందు పోసి పూత రప్పించేవాళ్లున్నారు గానీ, మోతాదు మించి ఏటా పోస్తే చెట్టు గిడసబారుతుంది. నా సలహా అయితే వర్షాలు ఆగాక నీళ్లు బిగబట్టడం, కొమ్మలకు గాలి, వెలుతురు తగిలేలా కత్తిరించడం ముందు చేయాలి.

నల్లగొండ బత్తాయి కథ ఇంకో వైపు నుంచి ఇదే చెప్తుంది. చల్లని దేశాల్లో బత్తాయి జాతి చెట్లకు పూత తెప్పించేది చలి. ఇక్కడ ఆ చలి చాలదు కాబట్టి రైతు నీళ్లు ఆపి తోటను బెట్టకు తెచ్చి, మళ్లీ తడి పెట్టి పూత తెప్పిస్తాడు. ఫ్లోరిడాలో ఇవే జాతి తోటలను చలి పదే పదే దక్షిణానికి తరిమింది. 1894 డిసెంబర్‌లో వచ్చిన చలికి అక్కడ ఆకులు రాలిపోయాయి, చెట్లు బతికాయి. జనవరి వెచ్చగా ఉండి కొత్త చిగురు వేశాయి. 1895 ఫిబ్రవరిలో మళ్లీ చలి వచ్చేసరికి కాండాలు పగిలి చచ్చాయి. మన తోటలను చలి ఎప్పుడూ తరమలేదు. బోర్లు ఎండిపోయిన ఏళ్లలో కాపు మీదున్న చెట్లను రైతులే కొట్టేసుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్, మేలో 40 దాటితే పిందె రాలడం ఇప్పటికే ఉంది. ఎండలు ఇంకా పెరిగితే, అక్కడ చలి చేసిన పనిని ఇక్కడ 46 డిగ్రీల ఎండ చేస్తుంది.

ఇక నీ చెలక. దేవదారు వద్దు. మొగ్గ సరిగ్గా విచ్చుకోవడానికి దానికి చలికాలపు నిద్ర కావాలి, మన రాత్రుల వేడికి పగలు సంపాదించిన ఆహారం శ్వాసలోనే ఖర్చయిపోతుంది, మే గాలికి సూదులు ఎండుతాయి. పైన్‌కు ఇంకో అవసరం కూడా ఉంది. దాని వేళ్లతో కలిసి బతికే కొన్ని బూజు జాతులు మట్టిలో ఉండాలి. అవి లేని నేలల్లో నాటిన పైన్ తోటలు చాలా దేశాల్లో ముందు విఫలమయ్యాయి. అరకు వైపు పైన్ తోటలు చూసి ఆశపడకు, అది తొమ్మిది వందల మీటర్లకు పైన ఉన్న చోటు, వాన కూడా మనకు రెట్టింపు. నర్సరీలో క్రిస్మస్ చెట్టని అమ్మేది అరకేరియా. అది పసిఫిక్‌లోని నార్ఫోక్ అనే చిన్న దీవిది, మంచు ఎరగని చెట్టు. మంచు దేశపు చెట్టుగా అమ్మితే నమ్మొద్దు. ఇంటి తూర్పు వైపు మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఒకటి పెట్టుకుంటే బతుకుతుంది, పొలంలో వద్దు. దూరం నుంచి పైన్‌లా కనిపించేదే కావాలంటే సర్వి ఉంది, మన నేలకు కొంత నయం.

నీ ఎర్ర నేలకు, ఒక్క బోరుకు నేను చెప్పేది ఇది. గట్ల మీద కానుగ, వేప. రెండూ ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్యలో కొన్ని వారాలు పాత ఆకు రాల్చి వెంటనే కొత్తది వేస్తాయి, ఆ కొద్ది రోజులను ఓర్చుకోవాలి. వాన నీరు ఆగే పల్లపు మూలలో నేరేడు, ఏరుమద్ది. ఇంటి దగ్గర పొగడ, సపోట. నిజంగా ఏడాదంతా పచ్చగా ఉండి, మన ఎండకు వెరవనిది పాల చెట్టు. సపోట అంట్లు కట్టడానికి వేరుమూలంగా వాడేది దాన్నే. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, అందుకే ఎవరూ నాటరు. నాలుగు మొక్కలైనా నాటు, నీ పిల్లల కాలానికి నీడ అవుతుంది. మర్రి పెట్టాలనుంటే పొలం చివర, బావికీ గోడకూ దూరంగా ఒక్కటే పెట్టు. మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి ఎంత చోటు ఆక్రమించిందో నువ్వు చూసే ఉంటావు. చెదలు పట్టి కొమ్మలు విరిగితే 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి ఆ చెట్టును నిలబెట్టారు. మర్రికి కూడా చెదలను ముందే చూసుకోవాలి.

ఏడాదంతా పచ్చగా ఉంటుందని, రోడ్ల పక్కన అందానికి పెంచిన కోనోకార్పస్ అనే విదేశీ చెట్టును మాత్రం తెచ్చుకోకు. సర్కారు తుమ్మ కూడా ఎండలో పచ్చగానే ఉంటుంది, అది ఎన్ని బీళ్లను మింగిందో పాలమూరు రైతుకు చెప్పనక్కర్లేదు. పచ్చదనం ఒక్కటి చూసి చెట్టును ఎంచుకోకూడదు. పక్షికి, తేనెటీగకు, నేలకు ఏమిస్తుందో చూడాలి.

గుంతలు మే నెలలోనే తీసి ఎండనివ్వు. మామిడి కూడా పెడితే దానికి మీటరు, మిగతా వాటికి రెండడుగులు చాలు. మొరం తగిలితే గడ్డపారతో పగలగొట్టి తీయాల్సిందే, లేకపోతే వేరు కిందికి దిగదు. జూన్, జూలైలో నేల బాగా తడిశాక నాటు. మొదటి రెండు మూడు ఎండకాలాలు వారానికోసారి నిండుగా తడి ఇవ్వు. రోజూ కొంచెం కొంచెం పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి, తర్వాత బోరు ఆగిన ఏడాది చెట్టు నిలవదు. పాదులో ఎండుటాకు, వరిగడ్డి మందంగా పరువు, కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ల ఎడం వదులు. పడమటి ఎండ నేరుగా తగిలే లేత మామిడి, బత్తాయి కాండాలకు మార్చిలో సున్నం పూయి, బెరడు పగలదు. నీ బోరులో మే నెలలో ఎంత నీరు వస్తుందో, నేల ఎంత లోతుకు మొరం తగులుతుందో రాస్తే మొక్కల ఎడం ఎంత ఉండాలో లెక్క కట్టి చెప్తాను.